డబ్బిచ్చాను కదా, అరిచే హక్కు లేదా?

పేరూ ఊరూ వేయవద్దని కోరుతూ ఒక పాఠకుడు అమెరికా నుంచి పెద్ద ఉత్తరం రాశారు. అందులో సంగతులు ఇవీ.

ఆయనకు 47 ఏళ్లు. గుంటూరు జిల్లా నుంచి 2001లో ఎంఎస్ చదవడానికి అమెరికా దక్షిణాదిలోని ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. వెళ్లిన రెండు నెలలకు ల్యాబ్‌లో తోటి విద్యార్థి ఒక శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెంటబెట్టుకుని వెళ్లాడు. రూల్స్ ఒక్కటీ తెలియవు. సొంత జట్టు టచ్‌డౌన్ చేయగానే పక్క సీట్లో ఉన్న ముక్కూ మొహం తెలియని ముసలాయన ఈయన భుజాలు పట్టుకుని ఊపేశాడట. "ఈ దేశంలో ఒక మనిషి నన్ను సంతోషంతో ముట్టుకోవడం అదే మొదటిసారి" అని రాశారు. 2008 నుంచి ఏటా రెండు సీజన్ టికెట్లు కొంటున్నారు. మొదట్లో భార్యతో వెళ్లేవారు, తర్వాత కొడుకుతో. మ్యాచ్‌కి ముందు పార్కింగ్‌లో పాత స్నేహితులంతా చేరి వండుకుని తినే టెయిల్‌గేట్‌లో ఈయన తెచ్చే కోడి వేపుడుకి మంచి పేరుందట. ఆ కొడుకు ఇప్పుడు అదే యూనివర్సిటీలో మూడో ఏడు చదువుతున్నాడు. ఫుట్‌బాల్ జట్టుకి స్టూడెంట్ మేనేజర్ కూడా. బంతులు, నీళ్ల సీసాలు, హెల్మెట్లు, ఉతకాల్సిన జెర్సీలు చూసుకోవడం అతని పని.

ఆటగాళ్లకు డబ్బులివ్వడానికి పూర్వ విద్యార్థులు పెట్టిన కలెక్టివ్‌కి 2023 నుంచి ఈయన నెలకు 250 డాలర్లు కడుతున్నారు. సీట్లు నిలబెట్టుకోవడానికి ఇచ్చే విరాళం ఏడాదికి 3,600 అదనం. టికెట్ల ధర వేరే. కోచ్ వచ్చి ఎనిమిదేళ్లయింది. సగటున ఏటా తొమ్మిది మ్యాచ్‌లు గెలిపించాడు, ఒకసారి ప్లేఆఫ్‌కి తీసుకెళ్లాడు. ఈసారి 8 గెలిచి 4 ఓడారు. పన్నెండుమంది పాత మిత్రుల వాట్సాప్ గ్రూప్‌లో సెప్టెంబరు నుంచి ఒకటే మాట: ఇతన్ని పంపించెయ్యాలి.

నవంబరులో సొంత స్టేడియంలో ఓడిపోయిన రాత్రి, ఆటగాళ్లు లోపలికి వెళ్లే దారి పైన రెయిలింగ్ దగ్గర నిలబడి ఈయన అరిచారు. కోచ్‌ని వెళ్లిపొమ్మన్నారు. వెనకే వస్తున్న 19 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరి ఆట నడిపించే కుర్రాడిని చూసి "ఎనిమిది లక్షల డాలర్లు! ఒక్క బంతి సరిగ్గా వేయలేవా?" అన్నారు. ఆ కుర్రాడి వెనక సామాను బండి తోసుకుంటూ వస్తున్నది ఈయన కొడుకే. ఎవరో తీసిన పదకొండు సెకన్ల వీడియో గ్రూప్‌లోకి వచ్చింది. చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. రాత్రి ఒంటిగంటకి కొడుకు ఫోన్ చేశాడు. "డాడీ, వాడు వాషింగ్ మెషిన్ల పక్కన కింద కూర్చుని ఉన్నాడు. ఇంకా ప్యాడ్స్ కూడా విప్పలేదు. నేను వాడికి ఏం చెప్పాలి?" అని పెట్టేశాడు. థ్యాంక్స్‌గివింగ్‌కి ఇంటికి రాలేదు. క్రిస్మస్‌కి రెండు రోజులు వచ్చి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అన్నం తిని వెళ్లాడు.

ఇదిలా ఉండగా భార్య ఒక మాట అన్నారు. "ఇండియాలో మామయ్యగారి మోకాలి ఆపరేషన్‌కి నాలుగు లక్షలా అని మూడు ఆస్పత్రుల్లో రేట్లు కనుక్కున్నారు. దీనికి మాత్రం ఏ రోజూ లెక్క అడగలేదు." ఆయన దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు గ్రూప్ వాళ్లు అథ్లెటిక్ డైరెక్టర్‌కి ఒక వినతిపత్రం తయారుచేశారు. కోచ్ కాంట్రాక్టు పొడిగించవద్దని, వచ్చే సీజన్ సగానికల్లా తేల్చేయాలని. మన దేశీల తరఫున నీ పేరూ ఉండాలని ఒత్తిడి చేస్తున్నారు. టికెట్ల రెన్యువల్‌కి ఫిబ్రవరి ఆఖరు గడువు. సంతకం పెట్టాలా? డబ్బు కట్టాలా? కొడుకుతో ఎలా మాట్లాడాలి? అన్నిటికంటే ముఖ్యంగా, "డబ్బిచ్చే నాకు అడిగే హక్కు లేదా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. డాలర్ల ప్రస్తావన పంతొమ్మిది చోట్ల ఉంది. ఈ సీజన్‌లో మీకు నచ్చిన ఒక్క ఆట, ఒక్క పరుగు, ఒక్క సాయంత్రం గురించి మాత్రం ఎక్కడా లేదు. 2001 నాటి ముసలాయన ఉన్నాడు, 2008 ఉంది. 2023 తర్వాత ఇక అన్నీ లెక్కలే. ఎనిమిది గెలిచిన సీజన్లో కనీసం మూడు శనివారాలైనా మీరు గంతులేసి ఉంటారు. అవి మీకు గుర్తుకే రాలేదు.

మీకేదో జరిగింది. నాకు అర్థమైనంతవరకు ఆ నెలకు 250 డాలర్లు మిమ్మల్ని అభిమానుల వరసలోంచి తీసి అప్పులిచ్చినవాళ్ల వరసలో కూర్చోబెట్టాయి. అభిమాని ఓడిపోతే బాధపడతాడు, ఇంటికెళ్లి పడుకుంటాడు. అప్పిచ్చినవాడికి నిద్ర పట్టదు. బాకీ వసూలు కాలేదు కదా! మీరు ఆ రెయిలింగ్ మీద నుంచి అరిచింది ఆట గురించి కాదు. అంకె చెప్పి అరిచారు. ఊళ్లో వడ్డీవ్యాపారి వీధి గుమ్మంలో నిలబడి పదిమంది వినేలా అసలెంత, వడ్డీ ఎంత అని అరుస్తాడు చూడండి, ఆ పద్ధతి.

కోపం తెచ్చుకోకండి. ఇది మీ ఒక్కరి జబ్బు కాదు, అక్కడ దేశమంతా పాకింది. మిగతా పాఠకుల కోసం ఆ కథ కొంచెం చెప్పాలి.

అమెరికా కాలేజీ క్రీడల్లో చాలాకాలం ఒక నియమం ఉండేది. ఆటగాడికి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు, జీతం ఇవ్వకూడదు. స్టేడియంలో లక్షమంది కూర్చున్నా, టీవీ హక్కులు కోట్లకు అమ్ముడైనా, కోచ్ కోటి డాలర్లు తీసుకున్నా, ఆడే కుర్రాడు మాత్రం విద్యార్థే. 2021 జూలైలో కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ దిగొచ్చి, ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చని ఒప్పుకుంది. ఆ సందులోంచే మీరు చందా కడుతున్న కలెక్టివ్‌లు పుట్టాయి. 2025 జూన్ 6న ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో రాజీని ఒక ఫెడరల్ జడ్జి ఆమోదించాక యూనివర్సిటీలే నేరుగా ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీ అన్ని ఆటలకూ కలిపి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు పంచవచ్చన్నారు. పాత ఆటగాళ్లకు బకాయిల కింద పదేళ్లలో 280 కోట్ల డాలర్లు కట్టాలి. ఆ కుర్రాళ్లకు డబ్బు రావడం న్యాయమే. ఆ మాటలో నాకు సందేహం లేదు, మీకూ లేదని రాశారు.

ఇంకో మార్పు కూడా దీంతోపాటే వచ్చింది. ఇదివరకు ఆటగాడు యూనివర్సిటీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారికి ఆ షరతు తీసేశారు. 2024 నుంచి ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు. అలా మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితాయే ట్రాన్స్‌ఫర్ పోర్టల్. 2024లోనే ప్లేఆఫ్ నాలుగు జట్ల నుంచి పన్నెండుకు పెరిగింది. ఇవన్నీ కలిసి ఓపికను తినేశాయి. ఇదివరకు కోచ్ "ఈ పిల్లలు ఇంకా చిన్నవాళ్లు, రెండేళ్లాగండి" అనేవాడు. అభిమాని ఆగేవాడు, వేరే దారి లేదు కనుక. ఇప్పుడా మాట చెల్లదు. ఇండియానా యూనివర్సిటీ జట్టునే చూడండి. 2023లో 3 గెలిచి 9 ఓడింది. ఆ నవంబరులో కర్ట్ సిగ్నెటీని కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆయన తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి ఆటగాళ్లను కూడా వెంట తెచ్చుకున్నాడు. 2024లో 11 గెలిచారు. 2025 సీజన్లో పదహారుకి పదహారు గెలిచి 2026 జనవరిలో జాతీయ చాంపియన్లయ్యారు. తరతరాలుగా ఓడిపోవడానికే పేరుపడ్డ జట్టు! అది చూశాక ఏ ఊరి అభిమానికైనా "మన కోచ్‌కి ఏం రోగం?" అనిపించకుండా ఉంటుందా? నాకే అనిపించేది.

ఈ ఓపిక లేకపోవడం వల్లే 2025 శరదృతువులో కోచ్‌ల మీద వేటు మీద వేటు పడింది. పెన్ స్టేట్‌లో జేమ్స్ ఫ్రాంక్లిన్ 104 మ్యాచ్‌లు గెలిపించాడు. 2025 జనవరిలో జాతీయ సెమీఫైనల్ ఆడాడు. ఆ ఆగస్టులో ఆయన జట్టుకి రెండో ర్యాంకు. వరసగా మూడు ఓడగానే అక్టోబరు 12న తీసేశారు. రెండు వారాలకు ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బ్రయాన్ కెల్లీ వంతు వచ్చింది. అక్కడ 34 గెలిచి 14 ఓడిన మనిషి. మధ్యలోనే పంపినందుకు ఆయనకు రావలసిన బైఅవుట్ దాదాపు 5 కోట్ల 40 లక్షల డాలర్లు. పని చేయవద్దన్నందుకు ఇచ్చే జీతం అన్నమాట. మన గవర్నమెంటు ఆఫీసుల్లో కూడా ఇంత హాయి లేదు.

మనం నవ్వుకోనక్కర్లేదు లెండి. 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ని 2021లో సీజన్ సగంలో కెప్టెన్సీ నుంచి తప్పించినప్పుడు హైదరాబాద్‌లో ఎన్ని వాదనలు జరిగాయో విన్నాను. వేలంపాటలో ఆటగాడి రేటు తెలిసిన రోజు నుంచి ఒక్కో పరుగు ఎన్ని లక్షలకు పడిందో లెక్క కట్టని ఇల్లు మన దగ్గర ఏదుంది? అంకె తెలిశాక మనిషి కనిపించడం మానేస్తాడు. తేడా ఒక్కటే. ఐపీఎల్ రేటు మన జేబులోంచి పోదు. మీది పోతోంది.

ఇక మీ కోచ్ సంగతి. అతన్ని మార్చాలనుకోవడం తప్పా? కాదు. తొమ్మిది గెలుపుల దగ్గర ఆగిపోయిన కోచ్‌ని మార్చి బాగుపడ్డవాళ్లున్నారు. జార్జియా 2015లో మార్క్ రిక్ట్‌ని 9 గెలుపులు, 3 ఓటముల సీజన్ కాగానే పంపించింది. పదిహేనేళ్లు ఉన్న పెద్దమనిషి. ఎంతమంది నొచ్చుకున్నారో! తర్వాత వచ్చిన కర్బీ స్మార్ట్ 2021, 2022 సీజన్లలో వరసగా రెండు టైటిళ్లు తెచ్చాడు. అదే 9-3 చేసిన ఫ్రాంక్ సోలిచ్‌ని నెబ్రాస్కా 2003లో పంపించింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నెబ్రాస్కాకి ఒక్క కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీల లీగ్) టైటిల్ కూడా రాలేదు. ఆఖరిది 1999లో. ఇద్దరు కోచ్‌లకీ లెక్క ఒకటే, ఫలితాలు నేలకీ ఆకాశానికీ ఉన్నంత దూరం. మీ గ్రూప్‌లో మొదటి కథే తిరుగుతూ ఉండి ఉంటుంది. రెండోది ఎవరూ పంపరు.

మూడో కథ నేను కళ్లారా చూశాను. 2024 నవంబరు 30న నేను కొలంబస్‌లో మా అక్క కూతురింట్లో ఉన్నాను. ఒహాయో స్టేట్ వాళ్లు సొంత స్టేడియంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయారు. మా అల్లుడు పొద్దున్నుంచీ వేసుకున్న ఎర్ర జెర్సీ విప్పి, మడతపెట్టి మరీ చెత్తబుట్టలో వేశాడు. మడత ఎందుకయ్యా అని అడగబోయి ఊరుకున్నాను. రాత్రి పులిహోర ముట్టలేదు. కోచ్ రయాన్ డే ఆ ఊళ్లో బతకలేడని, తెల్లారేసరికి తీసేస్తారని, తీసెయ్యకపోతే తను టికెట్లు మానేస్తానని ఒట్టుపెట్టుకున్నాడు. ఆ ఏడాది ఆటగాళ్లకు 2 కోట్ల డాలర్ల దాకా ఇచ్చారని వాళ్ల అథ్లెటిక్ డైరెక్టరే చెప్పాడు మరి. ఆ అంకె పట్టుకునే మా వాడు రాత్రంతా గొణిగాడు. కోచ్‌ని తీసెయ్యలేదు. సరిగ్గా 51 రోజులకు, 2025 జనవరి 20న, ఆ కోచే జాతీయ టైటిల్ గెలిచాడు. నేను విజయవాడ వచ్చేశాక వీడియో కాల్‌లో మా అల్లుడు అదే జెర్సీ వేసుకుని కనిపించాడు. చెత్తబుట్టలోంచి మా అమ్మాయి తీసి దాచిందట.

కాబట్టి కోచ్ ఉండాలా పోవాలా అన్నది నేను తేల్చేది కాదు. మీరు తేల్చేదీ కాదు, నిజానికి. కానీ సంతకం పెట్టడమా మానడమా మీ చేతిలో ఉంది. పెట్టే ముందు రెండు సంగతులు చూసుకోండి.

కోచ్ మారితే ఆటగాళ్లు పోర్టల్‌లోకి వెళ్లడానికి విడిగా గడువు దొరుకుతుంది. అంటే మీరు మూడేళ్లుగా నెలకు 250 కట్టి నిలబెట్టిన జట్టులో సగం వేరే ఊరికి పోవచ్చు. కొత్త కోచ్ తనవాళ్లను తెచ్చుకుంటాడు, వాళ్లకు మళ్లీ డబ్బు కావాలి. పాత కోచ్ బైఅవుట్, కొత్త కోచ్ జీతం, కొత్త జట్టు ఖరీదు మూడూ ఒకే ఏడాది మీద పడతాయి. ఆ ఏడాది మీ ఇంటికి వచ్చే చందా ఉత్తరం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇప్పుడే కోపంగా ఉన్నారు, అప్పుడు ఇంకెంత కోపం వస్తుందో! అయినా ఇండియానాలా కలిసిరావచ్చు. అదీ నిజమే.

రెండోది మీ అబ్బాయి. అతను పనిచేసేది ఆ కోచ్ కిందే. వినతిపత్రం మీద మీ ఇంటిపేరు ఉంటే ఆ గదిలో ఎవరో ఒకరు "ఇది మీ నాన్నా?" అని అడుగుతారు. అతన్ని పనిలోంచి తీసేస్తారని భయపెట్టడం లేదు. అలా జరగకపోవచ్చు. అతను రోజూ జెర్సీలు మడతపెట్టే చోట ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి రావడమే చాలు. సంతకం పెట్టదలచుకుంటే ముందు అతనికి చెప్పి పెట్టండి. అనుమతి అడగమనడం లేదు, చెప్పమంటున్నాను. మూడోవాళ్ల నోటి నుంచి తెలిస్తే నవంబరు రాత్రికి ఇది రెండో భాగం అవుతుంది. సంతకం పెట్టకపోతే గ్రూప్‌లో నాలుగు వెటకారాలు పడతాయి. కోడి వేపుడు మానేయరు కదా, భరించండి. "మన దేశీల తరఫున" అన్న మాట మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. పాతికేళ్లుగా ఆ స్టేడియంలో కూర్చున్న మనిషి ఎవరి తరఫునా సంతకం పెట్టక్కర్లేదు.

కానీ నాకొక అనుమానం. ఆ గ్రూప్ మాట కాదనలేకపోవడానికి కారణం 2001 శనివారమే అయి ఉంటుంది. ఆ రోజు ఆ ముసలాయన మిమ్మల్ని తనవాడనుకున్నాడు. అప్పటి నుంచి మీరు ఆ చోటు కోసం ఏదో ఒకటి కడుతూనే ఉన్నారు. మొదట గొంతు, తర్వాత వేపుడు, తర్వాత చెక్కులు. ఇప్పుడు సంతకం అడుగుతున్నారు. ఆ ముసలాయన ఆ రోజు మిమ్మల్ని ఏమీ అడగలేదని మీరే రాశారు.

క్వార్టర్‌బ్యాక్ విషయంలో మాత్రం మీ వైపు మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. ఎనిమిది లక్షలన్న అంకె మీకెవరు చెప్పారు? గ్రూప్‌లో వచ్చిందని రాశారు. ఆ కాంట్రాక్టులు మామూలుగా బయటపెట్టరు. అంటే గాలివార్త పట్టుకుని పందొమ్మిదేళ్ల వాడిని, వాడు ఓడిపోయి తల దించుకుని నడుస్తుంటే, పైనుంచి ధర చెప్పి అరిచారు. నిజంగానే ఎనిమిది లక్షలు వచ్చినా వాడు పందొమ్మిదేళ్ల వాడే. మీ అబ్బాయికంటే చిన్నవాడు. కోచ్‌తో పోల్చకండి. కోచ్ పెద్దవాడు, కోట్లు తీసుకుంటాడు, లాయర్లున్నారు, తిట్లు తినడం కూడా ఆ జీతంలో భాగమే అనుకుందాం. క్లెమ్సన్‌లో రెండు జాతీయ టైటిళ్లు గెలిచిన కోచ్ డాబో స్వీనీని 2023లో ఒక అభిమాని రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి, ఇన్ని డాలర్లు తీసుకుంటూ 4 గెలుపులు, 4 ఓటములేంటని నిలదీశాడు. స్వీనీ అయిదు నిమిషాలపాటు ఎడాపెడా వాయించాడు, తర్వాత అయిదు మ్యాచ్‌లూ గెలిచాడు. ఆయన తిరగబడగలడు. వాషింగ్ మెషిన్ల పక్కన కూర్చున్నవాడు ఏం చేయగలడు?

మీరడిగిన పెద్ద ప్రశ్న: అడిగే హక్కు లేదా? ఉంది. టికెట్ ఎందుకు పెరిగిందని అడగండి. నా చందా ఏ ఖాతాలోకి వెళ్లింది, కలెక్టివ్ లెక్కలు చూపించండి అని అడగండి. విచిత్రం ఏమిటంటే మూడేళ్లలో ఈ ప్రశ్నలు మీరు ఎవరినీ అడగలేదు. అడగాల్సినవాళ్లకు చెక్కులు పంపి, అడగకూడనివాడి మీద అరిచారు.

డబ్బు దగ్గరికి వస్తున్నాను. మీ ముందున్నవి చూద్దాం.

అన్నీ ఉన్నట్టే ఉంచవచ్చు. అలా అయితే సీట్లు, విరాళానికి వచ్చే పాయింట్లు పోవు, గ్రూప్‌లో మాట పోదు. కానీ వచ్చే సెప్టెంబరులో మొదటి ఓటమికే మళ్లీ రెయిలింగ్ దగ్గరికి వెళ్తారేమో ఆలోచించుకోండి. మీ ఆవిడ ప్రశ్న కూడా అలాగే ఉంటుంది.

కలెక్టివ్ మానేసి టికెట్లు ఉంచుకోవచ్చు. ఇప్పుడు యూనివర్సిటీయే నేరుగా ఇస్తోంది కాబట్టి మీ 250 ఆగితే ఏ కుర్రాడి కంచమూ ఖాళీ కాదు. పన్ను సంగతి కూడా కనుక్కోండి. చాలా కలెక్టివ్‌లు దానధర్మాల కిందికి రావని 2023లోనే అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఒక మెమో ఇచ్చింది. సీటు హక్కు కోసం ఇచ్చే విరాళానికి 2018 నుంచి మినహాయింపు లేదు. మీరు వీటిని మినహాయింపులో చూపిస్తున్నారేమో, ఉత్తరంలో ఒకచోట అలా ధ్వనించింది. మీ లెక్కలు చూసే సీపీఏతో ఈ వారమే మాట్లాడండి.

విరాళం కూడా మానేస్తే ఇప్పుడున్న వరస పోతుంది, పైకి వెళ్తారు. అక్కడినుంచి రెయిలింగ్ దూరం. ఇది నేను ఎగతాళికి అనడం లేదు. పై వరసల్లో కూర్చునేవాళ్లకు ఆటగాళ్ల మొహాలు కనబడవు, ఆట మొత్తం కనబడుతుంది. కానీ పదిహేడేళ్లుగా మీ పక్కన కూర్చునేవాళ్లు దూరమవుతారు. అది చిన్న నష్టం కాదు, మీ విషయంలో మరీ.

ఇంకో దారి ఉంది. అదే డబ్బు మీరు చదివిన డిపార్ట్‌మెంట్ స్కాలర్‌షిప్‌కి ఇవ్వడం. దానికి పాయింట్లు రావు, స్టేడియంలో ఎవరూ భుజం తట్టరు. మీలా రెండు సూట్‌కేసులతో దిగిన ఏ పిల్లకో సెమిస్టర్ పుస్తకాలు వస్తాయి. ఆ పిల్ల సరిగా చదవకపోతే మీకు తెలిసే అవకాశం కూడా లేదు, కాబట్టి అరవనూ లేరు.

ఇందులో నా మొగ్గు రెండోదాని వైపు. ఒక్క సీజన్ అలా చూడండి. నెలనెలా కట్టడం ఆగిపోయాక మ్యాచ్ ఓడినప్పుడు ఛాతీలో మంట తగ్గిందా లేదా మీకే తెలుస్తుంది. తగ్గకపోతే జబ్బు డబ్బుది కాదని తేలుతుంది, అప్పుడు మళ్లీ రాయండి.

అబ్బాయి. మీరు అతనికి ఇప్పటికి మూడు మెసేజ్‌లు పంపారు. మూడూ ఉత్తరంలో రాశారు. మొదటిది "నీకు అర్థం కాదు, ఇందులో మా డబ్బు ఉంది." రెండోది ఇండియానా స్కోర్లు. మూడోది "అమ్మ బాధపడుతోంది." అతను ఫోన్‌లో అడిగిన ప్రశ్నకు మీరు ఇంతవరకూ జవాబివ్వలేదు. "నేను వాడికి ఏం చెప్పాలి?" అన్నాడు. ఆ రాత్రి ఒంటిగంటకి అతను మీతో తగువుకి రాలేదు. సలహా కోసం తండ్రికి ఫోన్ చేశాడు. అరిచిందీ ఆ తండ్రే కావడం వల్ల మీకు తగువులా వినిపించింది.

జవాబు ఇప్పుడైనా ఇవ్వవచ్చు. మెసేజ్‌లో వద్దు. మూడు గంటల దూరమే అంటున్నారు, వెళ్లండి. మ్యాచ్‌లు లేని రోజులు, స్టేడియం దగ్గర కాకుండా ఎక్కడైనా కూర్చోండి. కోచ్ మాట మీరు ఎత్తకండి. "ఆ రోజు అలా అరవడం తప్పు. నువ్వు అక్కడ ఉన్నావని తప్పు కాదు, నువ్వు లేకపోయినా తప్పే" అని చెప్పండి. ఈ రెండో ముక్క వదిలెయ్యకండి, అతను దాని కోసమే చూస్తాడు. "కానీ" అనే మాట నోటిదాకా వస్తే మంచినీళ్లు తాగండి. అతను కోప్పడితే పడనివ్వండి. బహుశా నవంబరు నుంచి అక్కడ తనేం పడ్డాడో చెప్తాడు. మీకు తెలియనివి ఉంటాయి.

క్వార్టర్‌బ్యాక్‌కి క్షమాపణ చెప్పాలనుకుంటే ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, మీ పేరు పెట్టి, జట్టు ఆఫీసు చిరునామాకి పోస్ట్ చేయండి. మీ అబ్బాయి చేతికిచ్చి పంపవద్దు. అతను ఇప్పటికే మీ తరఫున ఒక బండి తోశాడు. ఆ కుర్రాడు చదువుతాడో లేదో, పోర్టల్‌లో వేరే ఊరికి వెళ్లిపోయి ఉంటాడో కూడా. జవాబు కోసం చూడకండి. ఇంకో మాట, ఆ వీడియో గ్రూప్‌లో ఇంకా ఉంటే తీసెయ్యమని మీరే అడగండి. చప్పట్లు కొట్టినవాళ్లకు అది ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి.

మీ ఆవిడ అడిగినదానికి జవాబు నేను చెప్పలేను. పక్కన కూర్చుని మూడేళ్ల లెక్క కాగితం మీద వేసి చూపించండి, ఒక్క డాలరు కూడా దాచకుండా. ఏటా కలెక్టివ్‌కి 3,000, విరాళం 3,600, టికెట్లు, పెట్రోలు, హోటళ్లు. మొత్తం చూశాక ఆవిడే "సరే, టికెట్లు ఉంచుకోండి" అన్నా నేను ఆశ్చర్యపోను. 2008లో మొదటి సీజన్ ఆ పక్క సీట్లో కూర్చున్నది ఆవిడే కదా. వచ్చే సెప్టెంబరులో రెండో టికెట్ ఎవరికని మీరు రాయలేదు. అడిగి చూడండి.

అన్నట్టు, మీ నాన్నగారి మోకాలి ఆపరేషన్ చివరికి అయిందా లేదా ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈసారి రాసేటప్పుడు అది ముందు రాయండి.